పదకొండేళ్ళుగా ఉన్న మనిషిని మానిపించాలా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పట్టణం. మావారు ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్ళయింది. 2014 నుంచి మా ఇంట్లో ఒకే ఆవిడ పని చేస్తోంది. రెండు పూటలా వచ్చి వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, బట్టలు ఉతకడం ఆమె పనులు. 2021లో మా అత్తగారు మంచాన పడి మా దగ్గరకు వచ్చిన తరవాత ఆవిడ పక్కబట్టలు ఉతకడం, స్నానానికి సాయం పట్టడం కూడా చేస్తోంది. 1,200 రూపాయలతో మొదలుపెట్టి, 2020 నుంచి నెలకు 2,800 ఇస్తున్నాం. పండగలకు చీర పెడతాం. ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాం. కిందటి జూన్‌లో కొడుకు చదువుకని అడిగితే 15,000 వడ్డీ లేకుండా ఇచ్చి, నెలకు వెయ్యి చొప్పున జీతంలో మినహాయించుకుంటున్నాం. ఆ తరవాత నుంచే ఆమె పని పాడైపోయింది. ఆరింటికి రావలసిన మనిషి ఎనిమిదిన్నరకు వస్తోంది. గిన్నెల అడుగున మెతుకులు, జిడ్డు అలాగే ఉంటున్నాయి. చూపిస్తే ‘తోమానండి’ అంటుంది. నెలకు ఐదారు నాగాలు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి చెప్పిన మీదట దసరా నుంచి నాగాకు వంద చొప్పున కోస్తున్నాం. అప్పటినుంచి నాగాలు తగ్గాయి గాని, తాను రాలేని రోజున ఏడో తరగతి చదివే కూతుర్ని పంపుతోంది. ఆ పిల్ల చేసే పని మరీ అధ్వాన్నం. సంక్రాంతి మూడు రోజులూ ఇంటినిండా చుట్టాలుండగా ఇద్దరూ రాలేదు. ఎదురింటివాళ్ళు తమ పనమ్మాయిని 2,500కే పంపుతామంటున్నారు. మావారు ‘మిగిలిన అప్పు తీరేదాకా ఉంచి అప్పుడు మానిపిద్దాం’ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. న్యాయంగా ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీరు చివరన అడిగిన ప్రశ్న కంటే ముందు, ఉత్తరం మధ్యలో మాటవరసకు రాసినట్టు రాసిన ఆ పిల్ల సంగతి మాట్లాడుకోవాలి. ఏడో తరగతి చదివే పిల్లకు పన్నెండేళ్ళుంటాయి. ఆ వయసు పిల్లల చేత ఇళ్ళలో పని చేయించడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. 2016లో చట్టాన్ని సవరించిన తరవాత, బడి వేళలు కానప్పుడు సొంత ఇంటివాళ్ళకు సాయపడటం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. అలా పెట్టుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు గాని, 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ‘నేను రమ్మనలేదు, వాళ్ళమ్మే పంపింది’ అనే మాట అక్కడ మీకు అండగా నిలబడదు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఆ పిల్ల పని అధ్వాన్నంగా ఉందన్నది మీ ఫిర్యాదులలో ఒకటిగా రాశారు. పన్నెండేళ్ళ పిల్ల మీ అత్తగారి పక్కబట్టలు బాగా ఉతకలేకపోవడం ఫిర్యాదు కాదు. రేపు ఆ పిల్ల గుమ్మంలో కనబడితే పనికి దిగనివ్వకుండా బడికి పంపించండి. ‘నువ్వు రాలేని రోజున నాగా పెట్టు, పిల్లను మాత్రం పంపకు, ఆ రోజు డబ్బు కోయను’ అని తల్లికి ఆ పూటే చెప్పండి. మిగిలిన విషయాలకు వారం పది రోజులు ఆలోచించుకునే వ్యవధి ఉంది గాని, దీనికి లేదు.

ఇక ఆ పిల్ల మీ గుమ్మంలోకి ఎలా వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. దసరా నుంచి మీరు నాగాకు వంద కోస్తున్నారు. నెల జీతాన్ని ముప్పైతో భాగిస్తే రోజుకు తొంభైమూడు రూపాయలు వస్తాయి. అంటే రాని రోజుకు ఇవ్వకపోవడమే కాక, ఇంకో ఏడు రూపాయలు జరిమానా కూడా పడుతోందన్న మాట. మీరు లెక్క సులువు కోసం వంద అనుకుని ఉంటారు, దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ కోత మొదలయ్యాక నాగాలు తగ్గి పిల్ల రావడం మొదలైందంటే, ఆమెకు రాలేని రోజులు తగ్గలేదనీ, వంద పోగొట్టుకోలేక బిడ్డను పంపుతోందనీ అర్థం. మీ అమ్మాయి చెప్పిన పద్ధతి ఆఫీసుల్లో నడుస్తుంది, ఎందుకంటే అక్కడ రాలేని రోజుకు సెలవు అనేది ముందే ఉంటుంది. మీ ఇంట్లో సెలవు అనే మాటే ఎన్నడూ అనుకోలేదు, కోత ఒక్కటే కొత్తగా వచ్చింది.

ఇంకొంచెం వెనక్కి, జూన్‌కు వెళదాం. అప్పు ఇచ్చిన తరవాత నుంచే పని పాడైందని మీరే రాశారు. అది రాస్తున్నప్పుడు ‘అవసరం తీరాక అలుసైపోయాం’ అన్న బాధ మీ మనసులో ఉందని మాటల తీరు చెబుతోంది. దీనికి మరో వివరణ ఉండవచ్చునేమో చూడండి. 2,800లో వెయ్యి పోగా ఆమె చేతికి 1,800 వస్తోంది. కోతలు మొదలయ్యాక అంతకంటే తక్కువ. రెండు పూటలా కలిపి రోజుకు మూడు గంటల పని అనుకుంటే నెలకు తొంభై గంటలు; పూర్తి జీతమైతే గంటకు 31 రూపాయలు, మినహాయింపు తరవాత 20 రూపాయలు. మూడో వంతుకు పైగా రాబడి ఒక్కసారిగా తగ్గిపోయిన మనిషి ఏం చేస్తుంది? ఇంకో రెండు ఇళ్ళు పట్టుకుంటుంది. కొత్త ఇంటివాళ్ళు ఉద్యోగస్తులై ఉంటే తెల్లవారకుండానే రమ్మంటారు. పాత ఇల్లు, మంచివాళ్ళ ఇల్లు, కాస్త ఆలస్యమైనా ఏమీ అనని ఇల్లు ఎనిమిదిన్నరకు జరుగుతుంది. అదే కారణమని నేను ప్రమాణం చేయలేను, ఆమెను అడిగితేనే తెలుస్తుంది. నాకు మాత్రం లెక్క చూడగానే అదే తోచింది. నాగాల విషయంలో కూడా కాలం గమనించండి. జూలైలో సార్వా (తొలి పంట వరి) నాట్లు, జనవరిలో దాళ్వా (రెండో పంట వరి) నాట్లు ఉన్న రోజుల్లో ఊడ్పులకు వెళితే ఒక్క రోజున వచ్చే కూలి మీ ఇంట్లో ఎన్నో రోజుల జీతంతో సమానం. ఆ నాలుగు రోజులూ వెళ్ళకుండా ఉండమనడం ఆమె స్థానంలో మీరున్నా కుదరని పని. వేసవిలో కాలువలు కట్టేశాక కొన్ని పేటల్లో కుళాయి ఏ వేళకు వస్తే ఆ వేళకే బిందెలతో నిలబడాలి. ఆ రోజుల్లో ఆలస్యానికి బద్ధకంతో పని లేదు.

‘ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాం’ అన్నారు. మీరు నిజంగానే ఆదరించి ఉంటారు, వడ్డీ లేకుండా పదిహేను వేలు ఎవరు పడితే వాళ్ళు ఇవ్వరు. అయితే ఈ మాట వల్ల ఒక చిక్కు వస్తుంది. ఇంట్లో మనిషి అనుకున్నప్పుడు పని పెంచడానికి ఎవరినీ అడగనక్కరలేదు, జీతం పెంచాలన్న ఆలోచనా రాదు. మీ అత్తగారు 2021లో వచ్చారు, జీతం 2020 నాటిదే ఉంది. మంచాన ఉన్న మనిషికి స్నానం చేయించడం, పక్కబట్టలు ఉతకడం అంట్లు తోమడం వంటి పని కాదు. దానికి వేరే ఓర్పు కావాలి, నడుములో వేరే బలం కావాలి. ఇటువంటి పనికి బయట ప్రత్యేకంగా మనిషిని పెట్టుకుంటే ఎంత అడుగుతారో మీ వీధిలో వాకబు చేయండి. పూర్వం మన డెల్టాలో పాలేరును పెట్టుకునే రైతు కూడా ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం, ఎన్ని జతల బట్టలు అన్నది నలుగురిలో మాట్లాడుకునేవాడు. ఆ ఏర్పాటులో అన్యాయాలు కొల్లలుగా ఉండేవి, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు; మాట్లాడుకోవడం అనేదైనా ఉండేది అంటున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, అప్పులో ఉన్న మనిషికి జీతం పెంచమని అడిగే నోరు ఎలా వస్తుంది?

మెతుకుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫిర్యాదులన్నిటిలో నాకు అనుమానంగా తోచింది అదే. గిన్నె చూపిస్తే ఆమె ‘తోమానండి’ అంటోంది. అది బుకాయింపు అని మీరు తీసుకున్నారు. ఆమెకు నలభై దాటి ఉంటే అది చత్వారం కావచ్చు. మనమైతే వార్తాపత్రికను చెయ్యి చాచి దూరంగా పట్టుకోవలసి వచ్చిన రోజునే కళ్ళజోడు షాపుకు వెళతాం. చదివే అవసరం లేని మనిషికి చత్వారం వచ్చిందని చెప్పడానికి బియ్యంలో రాళ్ళు, సూది బెజ్జం, గిన్నె అడుగున మెతుకు తప్ప ఇంకేం ఉంటాయి? పైగా పెరట్లో, చీకటి పడుతున్న వేళ, బల్బు లేని చోట తోముతుంటే పడుచువాళ్ళకే కనబడదు. ఒకసారి సూదిలో దారం ఎక్కించి పెట్టమని అడిగి చూడండి. చెయ్యి చాపి, తల వెనక్కి వంచి అవస్థ పడితే దగ్గర చూపు కళ్ళజోడు ఇప్పించండి. కొద్ది వందలతో పోతుంది. కాకపోతే మీకు పోయేదేమీ లేదు, నిర్లక్ష్యమని తేలుతుంది, అప్పుడు నిర్లక్ష్యం గురించే మాట్లాడవచ్చు.

ఇంతవరకు రాసింది చూసి నేను పూర్తిగా ఆమె పక్షాన ఉన్నానని అనుకోకండి. ఆరింటికి వస్తానని ఒప్పుకున్న మనిషి ఎనిమిది నెలలుగా ఎనిమిదిన్నరకు వస్తూ కారణం చెప్పకపోవడం తప్పే. చెప్పకుండా మానేస్తే, మంచాన ఉన్న పెద్దావిడను పెట్టుకుని మీరు పడే అవస్థ తక్కువది కాదు. కానీ ఇన్ని నెలల్లో మీరు ఆమెను కూర్చోబెట్టి ‘ఇది నాకు ఇబ్బందిగా ఉంది, ఎందుకిలా జరుగుతోంది’ అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో కోత ఉంది, మీ అమ్మాయి సలహా ఉంది, మీవారి సలహా ఉంది, ఎదురింటివారి బేరం ఉంది; ఆమెతో మాట్లాడినట్టు మాత్రం ఒక్క వాక్యం లేదు. మన గోదావరి వాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. మొహమాటం కొద్దీ కొన్నాళ్ళు ఏమీ అనం. ఉండబట్టలేకపోయినప్పుడు వెటకారంగా అంటాం. ఆ రెండింటి మధ్యన ఉండే మామూలు మాట మనకు నోటికి రాదు.

నేనేమీ అతీతురాలిని కాదు. రామచంద్రపురంలో కాపురం ఉన్న రోజుల్లో మా ఇంట్లో పని చేసే ఆమెతో ఒకనాడు ‘ఏమ్మా, ఈ అంట్లు నువ్వే తోమావా, కాకులకు పురమాయించావా?’ అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను, చాలా చమత్కారంగా మందలించానని మురిసిపోయాను. గిన్నెలు మర్నాడూ అలాగే ఉన్నాయి. నెల తిరగకుండా ఆమె మానేసింది. మోచేతుల దాకా ఒరిసిపోయి, సబ్బు తగిలితే మండుతుండేదని, అందుకే గట్టిగా రుద్దలేకపోయేదని తరవాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. నేను సూటిగా అడిగి ఉంటే ఆమె సూటిగా చెప్పి ఉండేది. వెటకారానికి నవ్వు తప్ప వేరే జవాబు ఉండదు, ముఖ్యంగా జీతం ఇచ్చేవాళ్ళ వెటకారానికి.

కాబట్టి మాట్లాడండి. జీతం ఇచ్చే రోజున వద్దు, చుట్టాలున్నప్పుడు వద్దు, మీ అత్తగారి మంచం దగ్గర అసలే వద్దు. పని అయిపోయిన ఒక మధ్యాహ్నం పూట, ఆమెను గడప మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి, మీరొక్కరే మాట్లాడండి. మొదట మీ వైపు లోటు చెప్పండి, అది ఆమెను ప్రసన్నం చేసుకోవడానికి కాదు, అది నిజం కనుక. ‘చూడమ్మా, అత్తయ్యగారు వచ్చాక నీకు పని పెరిగింది, జీతం పెంచలేదు, అది మా పొరపాటు. అప్పుకు నెలకు వెయ్యి పట్టుకోవడం నీకు బరువైందేమో, నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నా ఇబ్బంది కూడా విను. పొద్దున్న ఆవిడకు స్నానం ఎనిమిది దాటితే నీరసం వస్తోంది. గిన్నెలు మళ్ళీ నేను కడుక్కోవలసి వస్తోంది. నువ్వు రావని తెలియక ఎదురు చూస్తూ కూర్చుంటున్నాను. నీకు ఏ వేళ కుదురుతుంది?’ ఇలా మీ భాషలో, మీ తీరులో అనండి. ఆ తరవాత ఆమె చెప్పేది అడ్డు తగలకుండా వినండి. మొదట ‘ఏం లేదండి, రేపటినుంచి వస్తానండి’ అంటుంది. ఆ మాటతో లేచిపోకండి, అదీ మొహమాటమే, ఆమె వైపు మొహమాటం. ఇంకోసారి అడగండి.

మాట్లాడాక తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది వేళ: ఆరు గంటలే కావాలా, ఏడైతే చాలా అన్నది మీరు ముందే నిజాయితీగా ఆలోచించుకోవాలి. వాకిట్లో ముగ్గు ఆరింటికి పడకపోతే కొంపలు మునగవు, అత్తగారి స్నానం ఆలస్యమైతే ఇబ్బంది. అందుచేత పట్టుబట్టవలసిన చోట పట్టుబట్టి, మిగిలింది వదిలేయండి. రెండవది సెలవు. ఇంటిపని చేసేవారికి వారానికి ఇన్ని సెలవులు, రోజుకు ఇన్ని గంటలు అని చెప్పే ప్రత్యేక కేంద్ర చట్టం మనకు లేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వీరిని కార్మికులుగా గుర్తించింది; 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది గాని భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. వీరి కోసం చట్టం చేసే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అంటే మీ ఇంటి గడప లోపల ఈ విషయంలో న్యాయం ఏమిటో ప్రస్తుతానికి మీరే నిర్ణయించాలి. నా మాట అడిగితే, నెలకు నాలుగు రోజులు జీతంతో సెలవు ఇవ్వండి, ముందురోజు చెప్పాలన్నది ఒక్కటే షరతు. ఆకస్మికంగా జ్వరం వస్తే ఫోను చేస్తే చాలు. నాట్ల రోజుల్లో వెళ్ళాలనుకుంటే ఎన్ని రోజులో ముందే చెప్పి, ఆ రోజులకు జీతం వదులుకుని వెళ్ళనివ్వండి. నాలుగు దాటిన నాగాలకు రోజు జీతం ఎంతో అంతే తగ్గించండి, పైన ఏడు రూపాయలు వద్దు. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదనే ఆమె కళ్ళెదుట సున్నా చుట్టండి. చదువు రాకపోయినా సున్నాలు లెక్కపెట్టుకోగలదు, నెలాఖరున వాదన ఉండదు.

సంక్రాంతి మాట ప్రత్యేకంగా చెబుతాను. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ రాలేదని మీకు కోపం వచ్చింది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమ అంతా కదిలి వెళుతుంది. మీ చుట్టాలు వెళ్ళే ఉంటారు. ఆమెకూ అది పండగే, ఆమె ఇంటికీ చుట్టాలు వస్తారు. వచ్చే ఏడాది మూడు రోజుల్లో ఏ పూట వస్తుందో ముందే అడిగి, ఆ పూటకు వేరుగా డబ్బిచ్చి, మిగతా పూటలకు మీ అమ్మాయినీ అల్లుడినీ అంట్ల దగ్గర కూర్చోబెట్టండి.

ఇక డబ్బు. ఇప్పటికి ఎనిమిది వేలు తీరి ఉంటుంది, ఏడు వేలు మిగిలింది. మినహాయింపు నెలకు ఐదు వందలకు తగ్గించండి. పద్నాలుగు నెలల్లో తీరుతుంది, మీకు వడ్డీ ఎలాగూ లేదు. అత్తగారి పనికి వేరుగా ఒక మొత్తం అనుకుని, దాన్ని జీతంలో కలిపేయకుండా విడిగా చెప్పి ఇవ్వండి. ఈ రెండూ చేసిన తరవాత, ఆమె అదనంగా పట్టుకున్న ఇళ్ళలో ఒకటి వదులుకోగలదేమో అడగవచ్చు. చేయకుండా అడిగే హక్కు మీకు లేదు.

ఇదంతా చేసి రెండు నెలలు చూడండి. మొదటి నెల సగంలో మళ్ళీ ఒకసారి కూర్చోబెట్టి, ఏది బాగుపడిందో కూడా చెప్పండి, బాగుపడింది చెప్పడం మనకు బొత్తిగా అలవాటు లేదు. వేళ, గిన్నెలు, ముందుగా చెప్పడం – ఈ మూడింటి మీదే దృష్టి పెట్టండి. మూలన బూజు ఉందని, చీపురు తిరగేసి పెట్టిందని మీ అత్తగారు మంచం మీద నుంచి అనే మాటలు మీ దగ్గరే ఆపేయండి. ఒక మనిషికి పని చెప్పేవాళ్ళు ముగ్గురైతే ఏ పనీ సరిగ్గా జరగదు.

రెండు నెలల తరవాత కూడా మారకపోతే మానిపించడంలో తప్పు లేదు. పదకొండేళ్ళు చేసింది కదా అని జన్మాంతం భరించాలని నేను అనను. అయితే మీవారి సలహా మాత్రం వదిలేయండి. అప్పు తీరేదాకా ఉంచుకుని అటుపైన పంపేద్దామనడం లెక్కలో తెలివిగానే కనబడుతుంది గాని, ‘బాకీ ఉంది కనుక మానకూడదు’ అనే చోటికి చేరితే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన సంగతే. బయానా తీసుకున్నందుకు ఇంకో చోట పని చేసుకునే స్వేచ్ఛను మనిషి కోల్పోవడాన్ని కూడా ఆ చట్టం వెట్టి కిందే లెక్క కట్టింది. మీవారి ఉద్దేశం అది కాదని తెలుసు. అయినా అప్పు వేరు, పని వేరు అని ఆమెకు మీ నోటితో చెప్పండి. రేపు ఆమే మానేస్తానన్నా ఆ మాటకు కట్టుబడి ఉండండి.

మానిపించే పరిస్థితి వస్తే నెల ముందు చెప్పండి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టండి. ఆఖరి జీతాన్ని బాకీ కింద జమ చేసుకోవద్దు, ఆ నెల ఆమె ఇంట్లో పొయ్యి వెలగాలి. మిగిలిన బాకీని కొత్త ఇంట్లో కుదురుకున్నాక కొద్దికొద్దిగా ఇవ్వమనవచ్చు. మీకు స్తోమత ఉంటే, పదకొండేళ్ళకు ఏ గ్రాట్యుటీ లేని ఉద్యోగం చేసిన మనిషికి అదే గ్రాట్యుటీ అనుకుని వదిలేయవచ్చు. రెండోది చేస్తే పదిమందికి చెప్పుకోకండి. వీధిలో ఎవరైనా ఆమె గురించి అడిగితే ‘వేళకు మాకు కుదరలేదు, మనిషి నమ్మకమైనది’ అనండి, అది నిజమే కదా. చిన్న ఊళ్ళో గుడి అరుగు మీద మీరు అనే ఒక్క మాటకు ఆమె మిగతా ఇళ్ళు కూడా పోతాయి.

ఎదురింటివారి పనమ్మాయి 2,500కు ఎందుకు వస్తానంటోందో, అసలు వస్తానన్నది ఆ అమ్మాయేనా, ఎదురింటివారా అన్నది కూడా కనుక్కోండి. మీ అత్తగారి పని ఆ ధరలో చేరి ఉందని ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పారా? చెప్పకుండా పెట్టుకుంటే, వచ్చే సంక్రాంతికి మీరు నాకు ఇదే ఉత్తరం మళ్ళీ రాయవలసి వస్తుంది.